మడ్ పోతోందని భయపడకండి: ఆవిరి బావి పనికి వచ్చే తమ్ముళ్లకు

రాజమండ్రి, అమలాపురం వైపు గ్యాస్ రిగ్గుల మీద చేసి ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్లు "అన్నా, రిగ్గు అదేగా, కొత్తగా నేర్చుకునేదేముంది?" అని అడుగుతారు. రిగ్గు అదే. బావి మాత్రం వేరు, ఇది భూమి లోపలి వేడికి పుట్టే ఆవిరిని పైకి తెచ్చి కరెంటు తీసే బావి. కెన్యాలో ఇలాంటి బావులున్న ఓల్కారియా లెక్కన చెబుతాను.

ముందు ఓపిక తెచ్చుకోండి. నైవాషా సరస్సుకి దక్షిణాన ఉన్న ఆ చోట 1956లోనే రెండు బావులు తవ్వారు, పనికొచ్చే ఆవిరి రాలేదు. మొదటి 15 మెగావాట్ల యూనిట్ నడిచింది 1981లో. ఎక్కడ తవ్వాలో సర్వే వాళ్లు చెబుతారు, అది మన పని కాదు. మన పని కేసింగ్ దగ్గర, అంటే బావి గోడ కూలకుండా దింపే ఇనుప పైపుల దగ్గర మొదలవుతుంది.

20 అంగుళాలు, దాని లోపల 13 3/8, దాని లోపల 9 5/8. మూడింటికీ చుట్టూ పోసే సిమెంటు అడుగు నుంచి నేల దాకా రావాలి. గ్యాస్ బావిలో ఎక్కడో ఒకచోట ఆగినా సరిపెట్టుకుంటాం, ఇక్కడ కుదరదు. రెండు కేసింగుల మధ్య కొద్దిగా నీళ్లు చిక్కుకున్నా, బావి వేడెక్కినప్పుడు అవి వ్యాకోచించి లోపలి పైపుని నొక్కేస్తాయి. సిమెంటు పైకి వచ్చిందని ఎవరో చెబితే నమ్మకండి. వెళ్లి కళ్లతో చూడండి. రాకపోతే పై నుంచి మళ్లీ పోయించండి.

ఇక మడ్ సంగతి, అంటే తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద ద్రవం సంగతి. 9 5/8 షూ (ఆ కేసింగ్ అడుగు కొస) దాటాక రిటర్న్స్ ఆగిపోతే, అంటే పంపిన మడ్ పైకి తిరిగి రాకపోతే, మన చెయ్యి అలవాటుగా పగుళ్లు పూడ్చే ఎల్‌సీఎం బస్తాల మీదికి పోతుంది. నా మొదటి ఆవిరి బావిలో నేను అదే చేశాను. రాత్రి షిఫ్టు, టెన్షన్, ఎవర్నీ లేపలేదు. పగుళ్లన్నీ పూడ్చేశాను. తీరా చూస్తే ఆవిరి రావాల్సిన దారులే అవి. ఆ బావి తర్వాత సరిగా పారలేదు, ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది. షూ పైన లాస్ వస్తే, అంటే మడ్ పగుళ్లలోకి పోతుంటే, పూడ్చి ఆపండి. షూ కింద వస్తే లోతు రాసుకుని, నీళ్లతోనో గాలి కలిపిన నీళ్లతోనో ముందుకి వెళ్లండి. మనం వెతుకుతున్నది అదే. అడుగున చిల్లుల లైనర్, అంటే చిల్లులున్న పైపు దింపితే చాలు, అక్కడ సిమెంటు అక్కర్లేదు.

తవ్వడం అయిపోగానే వాల్వు తిప్పేయకండి. చల్లని నీళ్లు తాగిన బావి మళ్లీ కాగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మధ్యమధ్యలో ఉష్ణోగ్రత కొలుస్తూ ఉండాలి. ఓల్కారియాలో అడుగున 300 డిగ్రీలు దాటిన బావులున్నాయి. ఆ వేడి ఒక్కసారిగా తగిలితే ఇనుము సాగి కేసింగ్ జాయింట్లు దెబ్బతింటాయి. వాల్వు కొద్దికొద్దిగా తెరవండి.

ఆ తర్వాత సెపరేటర్‌లో ఆవిరి ఒకవైపు, ఉప్పునీళ్లు ఒకవైపు విడిపోతాయి. ఆవిరి టర్బైన్‌కి వెళ్తుంది. నీళ్లని మళ్లీ భూమిలోకే పంపాలి. అవి బాగా చల్లబడితే సిలికా పేరుకుని పైపులు పూడుకుపోతాయి, అందుకే వేడిగా ఉండగానే పంపడం మంచిది.

అన్నిచోట్లా ఆవిరే దొరకదు. మన మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి వచ్చేది వేడినీళ్లే. ఆ వేడితో తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే మరో ద్రవాన్ని ఆవిరి చేసి టర్బైన్ తిప్పుతారు, దీన్నే బైనరీ పద్ధతి అంటారు. సింగరేణి వాళ్లు పెట్టిన ఆ ప్లాంటు 20 కిలోవాట్లదే. సెలవులకి ఊరెళ్లినప్పుడు వీలైతే అనుమతి అడిగి చూసి రండి, బైనరీ పద్ధతి బాగా అర్థమవుతుంది.

చివరిది, మీ అమ్మ పక్కనుంటే ఆవిడ కూడా చెప్పే మాట. బావి దగ్గర కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, హైడ్రోజన్ సల్ఫైడ్. అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు. అది గాలి కన్నా బరువు, వెల్‌హెడ్ (బావి నోటి దగ్గరి వాల్వుల అమరిక) కింద గోతిలో చేరి కూర్చుంటుంది. డిటెక్టర్‌ని తాడుకి కట్టి గోతిలోకి దింపి, అంకె చూశాకే కాలు పెట్టండి. పైన ఇంకో మనిషి ఉండాలి.