అరిసె విరిగినా, మండా పగిలినా: పండగ వంటల సమస్యలు, పరిష్కారాలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగిళ్లలో పండగంటే రెండు రకాల పిండివంటలు. సంక్రాంతికి మన అరిసెలు, పక్కింటి ఒడియావాళ్ల ఆరిసా పిఠా (పిఠా అంటే పిండివంట). మార్గశిర లక్ష్మివారాలకి (గురువారాలకి) కుడుములతో పాటు మండా పిఠా, అంటే లోపల కొబ్బరి, బెల్లం పెట్టి ఆవిరి మీద ఉడికించే బియ్యప్పిండి ఉండలు. జూన్ నడుమ ఒడియావాళ్ల రజ పండగొస్తే పొడపిఠా, అంటే బియ్యప్పిండితో సన్నటి మంట మీద కాల్చే కేకులాంటి వంట. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు, నూనె తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు ఉండేసరికి ఇప్పుడు అందరూ ఇవే వంటలు కాస్త తేలిగ్గా చేయాలని చూస్తున్నారు. మంచిదే. కానీ బెల్లం ఒక్క తీపి కోసమే కాదు, కొన్ని వంటల్లో పిండిని పట్టి ఉంచేది కూడా అదే. అలాంటి చోట దాన్ని తగ్గిస్తే వంటే చెడుతుంది.

అరిసె నూనెలో వేయగానే విడిపోతోంది

ముందు బియ్యం చూడండి. ఒడిశా బజార్లలో ఉసునా బియ్యం, అంటే మన ఉప్పుడు బియ్యం, ఎక్కువగా అమ్ముతారు. ధాన్యంగా ఉండగానే ఉడికించి ఆరబెట్టినవి కాబట్టి వాటిని ఎంత నానబెట్టినా అరిసెకి కావలసిన మెత్తని తడిపిండి రాదు. అరువా బియ్యం, అంటే పచ్చిబియ్యం, అడిగి తీసుకోండి. ఒక రోజంతా నానబెట్టి, మధ్యలో నీళ్లు మార్చి, గుడ్డ మీద నీరు ఓడ్చి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. మిల్లు నుంచి తెచ్చిన పిండిని గిన్నెలో నొక్కి మూతపెట్టండి. పిడికిట పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి. పొడిగా రాలిపోతోందంటే తడి పోయినట్టే.

బియ్యం, పిండి బాగానే ఉన్నా అరిసె విడిపోతోందంటే పాకం లేత. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం సరిపోతుంది. పాకం చుక్కని చల్లటి నీళ్ల పళ్లెంలో వేసి వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తని ఉండ కావాలి. నీళ్లలో కరిగి జారిపోతే ఇంకా మరగనివ్వండి. థర్మామీటర్ ఉన్నవాళ్లు 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య దించేయొచ్చు. పిండి కలిపాక తేడా తెలిస్తే టెన్షన్ పడకండి. పక్కన ఉంచుకున్న తడిపిండిని గుప్పెడు గుప్పెడు చొప్పున కలుపుతూ వెళ్లండి. అందుకే పిండంతా ఒకేసారి పాకంలో పోయకూడదు. ప్రతిసారీ ఒక్క అరిసె వేసి చూసి, అది నిలిచాకే మిగతావి ఒత్తండి.

అరిసెలు రాయిలా గట్టిపడ్డాయి

పాకం ముదిరింది, లేదా మంట మరీ తగ్గించి చాలాసేపు వేయించారు. చలిమిడి ఇంకా చేతిలో ఉంటే గోరువెచ్చటి పాలు చెంచాడు చెంచాడుగా చల్లి మర్దించండి, మెత్తబడుతుంది. వేయించేసినవాటికి మాత్రం పెద్దగా చేయగలిగింది లేదు. ఇడ్లీ పాత్రలో రెండు నిమిషాలు ఆవిరి చూపించి, అప్పటికప్పుడు తినేయాలి.

తేలిగ్గా ఉంటుందని బెల్లం తగ్గిస్తే అరిసె పొడి అయిపోయింది

కిలో బియ్యానికి అరకిలో కంటే తక్కువ బెల్లం పడితే పిండికి పట్టు ఉండదు. పాళ్లు మార్చకుండా అరిసె సైజు తగ్గించండి. నిమ్మకాయంత ఉండకి బదులు ఉసిరికాయంత తీసుకోండి. నూనెలోంచి తీయగానే అరిసెల చెక్కల మధ్య గట్టిగా నొక్కి, నిలబెట్టి ఓడ్చండి. పలచగా ఒత్తిన ఆరిసాకి నువ్వులు అద్దే పద్ధతి మన ఇళ్లలోనూ ఉంది. నువ్వుల కమ్మదనం వల్ల చిన్న అరిసెతోనే తృప్తి కలుగుతుంది. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. బెల్లం కూడా చక్కెరే, రక్తంలో షుగర్ పెంచుతుంది. బెల్లంతో చేశాం కదా, ఏం కాదు అని ఇంట్లో పెద్దవాళ్లకి నాలుగు పెట్టకండి.

మండా పిఠా ఆవిరి మీద పగిలి, కొబ్బరి బయటికొస్తోంది

నిజంగా తేలికైన పండగ వంట కావాలంటే ఇదే. నూనె మూకుడే అక్కర్లేదు. లోపలి కొబ్బరిలో బెల్లం సగానికి తగ్గించినా రూపం చెడదు. ఇక్కడ పట్టు పైపిండిది.

పగలడానికి కారణం ఆ పైపిండి ఆరిపోవడమే. కప్పు బియ్యప్పిండికి కప్పు నీళ్లకి కాస్త ఎక్కువగా తీసుకుని, ఉప్పు, చెంచాడు నెయ్యి వేసి మరిగించండి. పిండి పోసి కలిపి, దించి, అయిదు నిమిషాలు మూతపెట్టండి. చేయి ఓర్చుకోగలిగినంత వేడి మీదే, తడి చేత్తో మర్దించాలి. చల్లారాక మర్దిస్తే ఎంత కష్టపడినా అంచులు చీలతాయి. చేస్తున్నంతసేపూ మిగతా ముద్ద మీద తడిగుడ్డ కప్పి ఉంచండి. కొబ్బరి తడిగా ఉన్నా పగులుతుంది కాబట్టి దాన్ని బెల్లంతో దగ్గరపడేదాకా వేయించి, పూర్తిగా చల్లారాక పెట్టండి. పన్నెండు నిమిషాల ఆవిరి చాలు.

కొరాపుట్ వైపు చోళ్లు, అంటే రాగులు, బాగా పండుతాయి. మూడో వంతు చోడిపిండి కలిపితే మండా రుచిగానే ఉంటుంది. కాకపోతే ఆ ముద్దకి వేడినీళ్లు ఇంకో రెండు చెంచాలు పడతాయి.

పొడపిఠా అడుగు మాడింది, నడుమ పచ్చిగా ఉంది

పిండి మందంగా పోశారు, మంట ఎక్కువైంది. రెండు అంగుళాలు మించకూడదు. గిన్నె అడుగున అరిటాకు పరిచి, గిన్నె కింద పాత పెనం పెట్టి, సన్నటి మంట మీద ముప్పావు గంట ఉంచండి. కుక్కర్లో చేస్తే విజిల్, రబ్బరు తీసేయాలి. చాకు గుచ్చితే పిండి అంటకూడదు. వేడి మీద కోస్తే ఉడికినది కూడా జిగటగానే కనిపిస్తుంది. పూర్తిగా చల్లారనివ్వండి.

పాయసంలో పాలు విరిగాయి

మరుగుతున్న పాలలో బెల్లం వేశారు. అన్నం పాలలో ఉడికాక దించి, గోరువెచ్చగా అయ్యాక, విడిగా కరిగించి వడకట్టిన బెల్లం కలపండి.

గారెలు నూనె తాగేస్తున్నాయి

రుబ్బేటప్పుడు నీళ్లు ఎక్కువయ్యాయి, లేదా నూనె కాగలేదు. చెంచాడు బియ్యప్పిండి కలిపి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలేంత కాగాక గారె వేయండి. నూనె వద్దనుకునేవాళ్లు ఇదే పిండిని గుంతపొంగణాల పెనంలో, గుంతకి అరచెంచా నూనెతో కాల్చుకోవచ్చు. పైన కరకర తగ్గుతుంది, ఆ మాట దాచక్కర్లేదు. పెరుగు గారెలకి మాత్రం ఆ తేడా తెలియదు. వేయించిన గారెలే వాడుతుంటే, పెరుగులో వేసేముందు గోరువెచ్చటి నీళ్లలో ముంచి అరచేతుల మధ్య నొక్కండి. నూనె కొంత ఆ నీళ్లలోనే తేలిపోతుంది.