దసరాకు అద్దాలు కడిగే పోల్ కొంటున్నారా? ముందు నెత్తి మీది తీగ చూడండి

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. విగ్రహాలు తెచ్చేటప్పుడు పైన తీగలు చూసుకోవాలని ఇప్పుడు అందరికీ తెలుసు. కానీ దసరా దగ్గర పడగానే హన్మకొండ చౌరస్తా నుంచి హంటర్ రోడ్డు దాకా షోరూములు, హాస్పిటళ్లు అద్దాలు కడిగిస్తాయి. అక్కడ ముప్పై అడుగుల పోల్ పట్టుకుని నిలబడ్డ పిల్లగాని నెత్తి మీద ఏముందో చూసేవాళ్లు మాత్రం ఉండరు.

నిచ్చెన అక్కర్లేదు, పోల్ చివర బ్రష్, బ్రష్‌లోంచే నీళ్లు, కింద నిలబడి రెండో అంతస్తు కడిగేయొచ్చు కాబట్టి ఈ పద్ధతి సేఫ్ అంటారు. కింద పడే ప్రమాదం తగ్గిన మాట నిజమే. షాక్ ప్రమాదం మాత్రం పెరిగింది. బూట్లు వేసుకోండి, జారి పడకండి లాంటివి నేను చెప్పను, అవి మీకు తెలుసు.

పోల్ సంగతి

అల్యూమినియం, గ్లాస్ ఫైబర్, కార్బన్ ఫైబర్, ఈ రెండు ఫైబర్లు కలిపిన హైబ్రిడ్ అని నాలుగు రకాలు దొరుకుతాయి. అల్యూమినియంలో కరెంటు పారుతుందని చిన్న పిల్లలకూ తెలుసు, దాంతో ఎవరూ మోసపోరు. మోసం చేసేది ఆ నల్లటి కార్బన్ పోలే. తేలిగ్గా ఉంటుంది, వంగదు, సాయంత్రం దాకా పట్టుకున్నా భుజం లాగదు, చేత్తో తడిమితే ప్లాస్టిక్ లాగే ఉంటుంది. "ఏం కాదన్నా, ఇది ఫైబరే కదా" అంటాడు పని చేసే అబ్బాయి. నేను చూసినంతలో మనుషుల్ని పాడు చేసిన మాట ఇదొక్కటే. కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుంది. హైబ్రిడ్‌లో కూడా కార్బన్ ఉంది కాబట్టి దాన్నీ అదే లెక్కలో వేసుకోండి.

కొందరు తెలివిగా మల్టీమీటర్, అంటే కరెంటు పారుతుందో లేదో చూపే చిన్న మీటర్, పెట్టి చూసి, ఏమీ చూపించలేదు కాబట్టి భయం లేదంటారు. పోల్ పైన సన్నటి రెసిన్ (జిగురు లాంటి ప్లాస్టిక్) పూత ఉంటుంది, మీటర్ వైరు మొన దాని మీద పెడితే ఏం చూపిస్తుంది? గీసుకుపోయిన చోటో కోసిన అంచు మీదో పెట్టి చూడండి, తెలుస్తుంది. మీటర్‌లో ఉన్న చిన్న బ్యాటరీని ఆపిన పూత రోడ్డు మీది తీగలోని 11 వేల వోల్టులను (11 కేవీ) ఆపదు.

మరి గ్లాస్ ఫైబర్ కొంటే సరిపోతుందా? పొడిగా, శుభ్రంగా ఉన్నంత సేపే అది కరెంటును ఆపుతుంది. మనం చేసేదేమో నీళ్ల పని. అద్దం మీది మట్టి కలిసిన నీళ్లు పోల్ వెంబడే కిందికి కారి మోచేతి దాకా వస్తాయి. మా ఫిల్టర్ నీళ్లలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క) సున్నా, ఇక కరెంటు ఎట్లా పారుతుంది అని వాదించేవాళ్లూ ఉన్నారు. ఆ సున్నా ఫిల్టర్ దగ్గర ఉంటుంది, అద్దాన్ని తాకాక ఉండదు.

బ్రష్ సంగతి

బ్రష్‌కూ షాక్‌కూ సంబంధం లేదనుకోకండి. పంది వెంట్రుకల బ్రష్ మురికిని బాగా లాగుతుంది, కానీ నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది. దాన్ని పూర్తిగా సాగదీసిన పోల్ చివర పెడితే చేప పడ్డ గాలంలా నడుమ వంగి ఊగుతుంది. పోల్ అద్దం వైపు ఆనినంత సేపు పర్లేదు, అక్కడి నుంచి తీసే క్షణంలో మాత్రం వెనక్కి, అంటే రోడ్డు వైపు, అంటే తీగల వైపు తూలుతుంది. పై అంతస్తులకు పది పన్నెండు అంగుళాల తేలికైన నైలాన్ బ్రష్ చాలు. కొస చీలిన కుచ్చు మెత్తగా ఉండి నీళ్లు పట్టుకుంటుంది, చీలనిది అద్దం మీద సులువుగా జారుతుంది. పంది వెంట్రుకల బ్రష్‌ను ఏళ్ల తరబడి కడగని కింది అంతస్తు అద్దాలకు ఉంచండి.

కరీంనగర్ వైపు గ్రానైట్ దుమ్ము, గోదావరిఖని వైపు బొగ్గు దుమ్ము. ముందు నీళ్లు పారనిచ్చి, ఆ తర్వాతే రుద్దండి, లేకపోతే అద్దం మీద గీతలు పడతాయి, ఓనర్ బిల్లులో కోస్తాడు. బ్రష్‌ను నేల మీద బోర్లించొద్దు. బోరు నీళ్లు నేరుగా వాడితే తెల్ల మచ్చలు మిగులుతాయి, అందుకే ఫిల్టర్ పెట్టి టీడీఎస్ పది లోపు ఉంచాలి.

ఇక మిగతావి వరసగా చెప్తున్నా.

పోల్ తీయక ముందే బిల్డింగ్ చుట్టూ తిరిగి తీగలు చూడండి. పోల్ ఏ వైపు పడ్డా తీగకు అందకూడదు, అందేట్టుంటే అక్కడ ఆ పోల్ వద్దు. తీగ ఎంత ఎత్తులో ఉందో పోల్ లేపి కొలవొద్దు. 11 కేవీ తీగకు బిల్డింగ్ పక్క నుంచి కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలని రూలు, అది బిల్డింగ్ కట్టేవాళ్ల కోసం పెట్టిన దూరం, మీ పోల్ కోసం కాదు. షాక్ కొట్టడానికి పోల్ తీగను ముట్టుకోనక్కర్లేదు, బాగా దగ్గరికి పోతే చాలు. పక్క కిటికీకి జరిగేటప్పుడు పోల్ దించి, మడిచి, అప్పుడు జరగండి. దించడానికి బద్ధకించి నిలువునా పట్టుకుని నడిచేవాడి కళ్లు బ్రష్ మీద ఉంటాయి, తీగ మీద ఉండవు. ఇద్దరుండాలి, ఒకడు పైకే చూడాలి, వాడి చేతిలో ఫోన్ ఉండొద్దు. కేబుల్ టీవీ తీగే కదా అని తోయొద్దు, అది ఇంకెక్కడ కరెంటు తీగ మీద పడి ఉందో మీకు కనపడదు. కరెంటు పోయింది కదా అని మొదలుపెట్టొద్దు, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, పక్క షాపు జనరేటర్ నుంచి వెనక్కి కూడా రావచ్చు. బట్టల బజార్ లాంటి ఇరుకు గల్లీలో పోల్ పని ఒప్పుకోవద్దు, లోపలి నుంచి తుడవండి, లేదంటే కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ వాళ్లను అడిగి లైన్ క్లియర్ తీసుకున్నాకే, అంటే వాళ్లు లైన్ ఆపి సరే అన్నాకే ముట్టండి. ఇంట్లో వాడే రబ్బరు గ్లౌజులు 11 కేవీని ఆపవు. పోల్ ముక్కల్ని బిగించే క్లాంపుల్లో ఇసుక కడగండి. ఉరుము వినపడితే పోల్ కింద పెట్టండి, ఓనర్ ఏమన్నా సరే. కార్బన్‌లో కరెంటు పారుతుంది, కొత్తగా పనికి వచ్చినవాడికి మొదటి రోజే చెప్పండి.

పోల్ తీగకు తగిలి మనిషి పడిపోతే అతన్ని ముట్టుకోవద్దు, పోల్‌నూ కర్రతో కొట్టొద్దు. ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా కరెంటు వాళ్ల నంబర్ 1912కు ఫోన్ చేసి, దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన నంబర్ చెప్పి లైన్ ఆపమనండి, ఇంకో ఫోన్ నుంచి 108కి కొట్టండి. లైన్ ఆపేశామని వాళ్లు చెప్పాకే అతని దగ్గరికి పోవాలి.