సీసా మీద త్రికోణం చూశాకే మూత తీయండి

మా చిన్నాన్నకి ఆనందపురం దగ్గర ఎకరంన్నర ఉంది, వంగ, బెండ వేస్తాడు. ఆ మధ్య ఒక మే నెలలో పొద్దెక్కాక వంగకి మందు కొట్టి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట, తలనొప్పి, కడుపులో వికారం. మన విశాఖలో మే నెలంటే నీడలో కూర్చున్నవాడికీ చొక్కా తడిసిపోతుంది కాబట్టి అందరూ వడదెబ్బే అనుకుని మజ్జిగ తెచ్చారు. పిన్ని ఒక్కతే గమనించింది, ఆయన తుండుతో చెమట తుడుచుకోవట్లేదు, మాటిమాటికీ మూతి తుడుచుకుంటున్నాడు. తుండు చివర జొల్లుతో తడిసి ముద్దయింది. వడదెబ్బ తగిలితే నోరు ఎండిపోవాలి గానీ ఇలా ఊరుతుందేంటి అని దగ్గరికెళ్ళి చూస్తే, కళ్ళలో నల్లపాపలు ఆవగింజంత అయిపోయి ఉన్నాయి. వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు, బతికాడు.

తర్వాత నేను అడిగితే, "ముప్పై ఏళ్ళ నుంచి కొడతన్నాను, ఏటవుద్దిరా" అన్నాడు. అసలు పొరపాటు మందు కొట్టేటప్పుడు జరగలేదు, కలిపేటప్పుడు జరిగింది. మూత బిగుసుకుపోతే పళ్ళతో తిప్పడానికి చూశాడట, కుదరక గోరుతో సీలు చీల్చాడట, చెయ్యంతా మందు. ఆ చేతినే లుంగీకి తుడుచుకుని ఆ లుంగీతోనే రెండు గంటలు చేలో తిరిగాడు. అందుకే ఇది రాస్తున్నాను. పొలం ఉన్నవాళ్ళకే కాదు, చెదలకని, చీమలకని మందు తెచ్చి వంటింటి సింకు కింద పెట్టుకున్న ఎంవీపీ కాలనీ, మధురవాడ అపార్టుమెంటు జనాలకి కూడా.

ముందు ఏ మందు గురించి మాట్లాడుతున్నామో చూద్దాం. మనవాళ్ళకి ఏ పురుగుమందైనా ఎండ్రినే, ఎండ్రిన్ నిజానికి వేరే జాతి మందు, మార్కెట్లోంచి ఎప్పుడో పోయింది. నేను చెప్పేది ఆర్గానోఫాస్ఫరస్ మందుల సంగతి. పేరు చివర 'ఫాస్' అని ఉంటే చాలావరకు ఆ కుటుంబమే: మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, క్వినాల్‌ఫాస్. కొన్నింటికి ఆ తోక ఉండదు, డైమిథోయేట్, మలాథియాన్, ఎసిఫేట్ కూడా ఇందులోవే. సీసా మీద పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు, దాన్ని వదిలేయండి. కింద చిన్నక్షరాల్లో, పక్కన శాతం అంకెతో ఉండేదే అసలు పేరు. అది కనిపించకపోతే ఆ సీసా కొనకండి.

ఇక త్రికోణం. 1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం ప్రతి సీసా మీదా నిలబెట్టిన డైమండ్ ఆకారం ఉంటుంది. దాని పై సగంలో హెచ్చరిక మాట, కింది సగంలో రంగు. ఆ కింది రంగు సగాన్నే మనం త్రికోణం అంటున్నాం. ఎరుపంటే అతి తీవ్ర విషం, పసుపంటే తీవ్ర విషం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ స్వల్పం. ఈ రంగు కంపెనీవాడి ఇష్టం కాదు, ఎలుకల్లాంటి జంతువుల మీద పరీక్షలో సగం జంతువులు చనిపోయే మోతాదుని కొలిచి, కిలో బరువుకి ఎన్ని మిల్లీగ్రాములో చూసి వేస్తారు. నోటి ద్వారా అయితే 50 వరకు ఎరుపు, 51 నుంచి 500 పసుపు, 501 నుంచి 5000 నీలం, ఆపైన ఆకుపచ్చ. అంకె తగ్గేకొద్దీ విషం పెరుగుతుంది, ఇక్కడ చాలామంది తిరగేసి చదువుతారు. చర్మం ద్వారా ఎక్కే విషానికి వేరే లెక్క ఉంటుంది, దాంట్లో ఎరుపు 200 వరకు.

ఇంకో తిరకాసు, పుర్రె బొమ్మ ఎరుపు మీదే ఉంటుంది. పసుపు మీద 'పాయిజన్' అన్న మాట ఎర్రక్షరాల్లో ఉంటుంది గానీ పుర్రె ఉండదు. అది చూసి "దీనికి పుర్రె లేదులే" అని ధైర్యంగా ముట్టుకుంటారు. చిన్నాన్న చేతికంటిన మందు పసుపు త్రికోణందే. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటివి మామూలుగా పసుపులోనే వస్తాయి, మోనోక్రోటోఫాస్ ఎరుపు, మలాథియాన్ నీలం.

నీలం కదా అని మలాథియాన్‌ని తేలిగ్గా తీసుకోకండి. 1976లో పాకిస్తాన్‌లో మలేరియా దోమల కోసం మలాథియాన్ పొడి కొట్టిన కూలీల్లో సుమారు 2800 మందికి విషం ఎక్కింది, ఐదుగురు చనిపోయారు. ఆ పొడి సరిగ్గా తయారుకాక, వేడిలో నిలవ ఉండి, లోపల ఐసోమలాథియాన్ అనే వేరే పదార్థం పుట్టింది. అది మలాథియాన్‌ని విరగ్గొట్టాల్సిన శరీరంలోని ఎంజైమునే దెబ్బకొట్టేసరికి తక్కువ ప్రమాదం అనుకున్న మందు ప్రాణం తీసింది. మన రేకుల షెడ్లలో మే నెల ఎండకి సీసా ఎంత కాగుతుందో మీకే తెలుసు. గడువు దాటినదీ, అడుగున గడ్డకట్టినదీ, రంగు మారినదీ, త్రికోణం ఏ రంగుదైనా సరే, వాడొద్దు.

రంగు చెప్పని సంగతి ఇంకొకటుంది. అది ఒక్కసారిగా ఒంట్లోకి పోయే మోతాదు గురించే చెబుతుంది, వరసగా నాలుగు రోజులు కొంచెం కొంచెం ఎక్కేదాని గురించి చెప్పదు. ఎందుకో చెప్తాను. నరం కండరానికో గ్రంథికో కబురు పంపడానికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది, పని కాగానే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని తుడిచేస్తుంది. ఈ మందులు ఆ ఎంజైముని కట్టిపడేస్తాయి. మోటారు ఆన్ చేసి మర్చిపోతే డాబా మీద ట్యాంకు పొంగినట్టు జొల్లు, కన్నీళ్ళు, చెమట, ఊపిరితిత్తుల్లో కఫం అన్నీ పొంగుతాయి. పడిపోయిన ఎంజైమ్ మళ్ళీ మామూలు స్థాయికి రావడానికి వారాలు పడుతుంది. సోమవారం కొంచెం పోయి, మంగళవారం ఇంకొంచెం పోతే, గురువారానికి చిన్న మోతాదే మనిషిని పడేస్తుంది. "నిన్న కొట్టినా ఏం కాలేదు" అన్న మాటకి అందుకే అర్థం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క వేరు, అందులో ఒకటి-ఎ, ఒకటి-బి, రెండు, మూడు అని తరగతులుంటాయి, ఒకటి-ఎ అన్నిటికంటే ప్రమాదం. ఫోరేట్, మిథైల్ పారాథియాన్ ఒకటి-ఎ, మోనోక్రోటోఫాస్ ఒకటి-బి, క్లోరిపైరిఫాస్ రెండు. మన దగ్గర 2018 ఉత్తర్వుతో మిథైల్ పారాథియాన్ ఆగిపోయింది, ఫోరేట్, డైక్లోర్వాస్, ట్రైజోఫాస్‌లకి 2020 డిసెంబరు 31తో తెర పడింది. అయినా పాత షెడ్లలో ఫోరేట్ గుళికల సంచులు ఇంకా దొరుకుతుంటాయి. చేత్తో చల్లే ఆలోచన చేయకండి.

పోర్టు ఊళ్ళో ఉంటాం కాబట్టి ఇదీ చెప్పాలి. హైవే మీద లారీ వెనక హెచ్చరిక పలకపై డైమండ్‌లో పుర్రె, కింద 6 అంకె, పక్కన 3018 అని ఉంటే అందులో ఉన్నది విషపూరితమైన ద్రవరూప ఆర్గానోఫాస్ఫరస్ మందు, 2783 అయితే అదే జాతి ఘనరూపంలో. అలాంటి బండి బోల్తా పడితే వీడియో కోసం దగ్గరికెళ్ళొద్దు, గాలి మీ వైపు నుంచి బండి వైపు వీచేలా దూరంగా జరిగి 112కి ఫోన్ చేసి ఆ అంకె చెప్పండి. 2020 మే 7న వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష ఆవిరి లీకైన తర్వాత ఫ్యాక్టరీ సైరన్ వింటే ఉలిక్కిపడుతున్నాం, ఇంట్లో సింకు కింద సీసా మాత్రం పదేళ్ళుగా అలాగే ఉంటుంది.

కలపడం దగ్గరికి వద్దాం, ఎందుకంటే సీసాలో ఉన్నప్పుడే మందు చిక్కన, ట్యాంకులో నీళ్ళు కలిశాక కొన్ని వందల రెట్లు పల్చన. అంటే జాగ్రత్తంతా ఆ మొదటి ఐదు నిమిషాల్లోనే కావాలి. చేతులకి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. గుడ్డ గ్లవ్స్ అసలు లేకపోవడం కంటే ప్రమాదం, మందు పీల్చుకుని చర్మానికి అంటిపెట్టుకుని ఉంటాయి. కళ్ళకి అద్దాలు, ముందు ప్లాస్టిక్ షీటు. ఇంట్లో కాదు, ఆరుబయట, గాలి మీ వీపుకి తగిలేలా నిలబడి, సీసాని నడుము కంటే కిందే పెట్టి వంచండి. కలపడానికి కర్ర వాడండి, చెయ్యి కాదు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదకండి, పాత టూత్‌బ్రష్ పెట్టుకోండి. బీడీ, కిళ్ళీ ఆ పూటకి మానేయండి.

చర్మం అంతా ఒకేలా పీల్చదు. పారాథియాన్ మీద చేసిన పాత పరీక్షల్లో ముంజేతి కంటే నుదురు సుమారు నాలుగు రెట్లు, వృషణాల చర్మం పదకొండు రెట్లకు పైగా పీల్చిందని తేలింది. చిన్నాన్న లుంగీ సంగతి అర్థమైందా? చెయ్యి తుడుచుకోవడానికి బట్ట ఎప్పుడూ ఒంటి మీదది కాకూడదు, మూత్రానికి వెళ్ళే ముందే చేతులు సబ్బుతో కడగాలి.

కొట్టే టైము కూడా చూసుకోండి. మన దగ్గర పొద్దెక్కాక సముద్రం గాలి ఊపందుకుంటుంది, ఎండా ఉంటుంది, ఎండలో చెమటపట్టిన చర్మం మందుని ఇంకా తొందరగా లాక్కుంటుంది. తెల్లారి గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు కొట్టి తొమ్మిదింటికల్లా ముగించేయడం మంచిది. గాలికి ఎదురు నడవొద్దు. ముక్కుకి కట్టుకున్న తుండు పెద్ద తుంపరని ఆపుతుందేమో గానీ ఆవిరిని ఆపదు. ఇంటికొచ్చాక బట్టలు వాకిట్లోనే విప్పి వేరే బకెట్లో పడేయాలి. మా పిన్ని ఏళ్ళ తరబడి ఆ బట్టల్ని అందరి బట్టల్తో కలిపే ఉతికింది, ఆ రోజుల్లో ఆమెకి వచ్చే తలనొప్పిని ఎవరూ పట్టించుకోలేదు. ట్యాంకు గెడ్డలో కడగొద్దు, ఆ నీళ్ళు ఎవరి పశువులు తాగుతాయో తెలియదు.

నిలవ చేసేటప్పుడు ఒక్కటే గట్టి నియమం, సీసా మార్చొద్దు. చిల్లరగా కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇచ్చే కొట్టువాళ్ళు ఇంకా ఉన్నారు, అలాంటి చోట కొనకండి. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని పరీక్షలో తేలింది. ఇంట్లో అయితే రేకు పెట్టె, తాళం, తాళంచెవి ఒక్కరి దగ్గరే. ఇది పిల్లల కోసమే కాదు. ఇంట్లో ఎవరి మనసైనా బాగాలేని రోజున ఆ సీసా చేతికందేంత దగ్గర్లో ఉండకూడదు, అలాంటి రోజు వస్తే ఒంటరిగా వదలకండి, మానసిక సాయానికి ఉన్న టెలి-మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

విషం ఎక్కిందన్న అనుమానం వచ్చిన నిమిషం ఏం చేయాలంటే, ముందు మీరు గ్లవ్స్ వేసుకోండి, లేకపోతే చేతులకి ప్లాస్టిక్ కవర్లు కట్టుకోండి. మనిషిని గాలి ఆడే చోటికి తెచ్చి, బట్టలు తీసేసి, సబ్బు, ధారాళంగా నీళ్ళతో తల నుంచి కాళ్ళ దాకా కడగండి, గోళ్ళ సందులు, చెవి వెనక కూడా. కంట్లో పడితే 15 నిమిషాలు నీళ్ళ ధార కింద ఉంచాలి. మింగితే మాత్రం వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్ళు వద్దు, పాలు వద్దు, పేడనీళ్ళు అసలే వద్దు. ఈ మందులు చాలావరకు కిరసనాయిలు లాంటి ద్రావకంలో కలిపి ఉంటాయి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే అదో కొత్త ప్రాణగండం. స్పృహ తప్పుతుంటే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి కోసం నోట్లో నోరు పెట్టొద్దు. 108కి ఫోన్ చేస్తూనే సీసా ఫోటో తీయండి, సీసాని కవర్లో చుట్టి ఆసుపత్రికి పట్టుకెళ్ళండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, డాక్టరుకైనా మీకైనా పనికొస్తుంది.

వడదెబ్బా, మందా అని తేల్చుకోవడానికి కూర్చోకండి, అది డాక్టరు చూసుకుంటాడు. మీరు చెప్పాల్సింది రెండే, ఆ రోజు మందు ముట్టుకున్నాడా, ఏ మందు. జొల్లు, చిన్నబోయిన కంటిపాపలు, ఛాతీలో గరగర, కనురెప్ప దగ్గరో పిక్కల్లోనో చర్మం కింద పురుగు పాకినట్టు కండరం అదరడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం వద్దు. అలాగని కంటిపాపలు బాగున్నాయి కదా అని ఇంట్లో ఆగిపోవద్దు.

ఆసుపత్రిలో అట్రోపిన్ అనే విరుగుడు ఎక్కిస్తారు, ఛాతీలో కఫం ఆరే దాకా మోతాదు పెంచుతూ పోతారు, చాలాచోట్ల కట్టుబడిన ఎంజైముని విడిపించే ప్రాలిడాక్సైమ్ కూడా ఇస్తారు. చిన్నాన్న రెండో రోజుకే లేచి కూర్చుని "ఇంటికెళ్ళిపోదాం, ఆవు పాలకి ఎవరున్నారు" అని గొడవ. పంపలేదు, పంపకపోవడమే మంచిదైంది. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మెడ నిలబడదు, ఊపిరి కండరాలు బలహీనపడి మళ్ళీ వెంటిలేటర్ దాకా వెళ్తుంది. దిండు మీంచి తల ఎత్తమని డాక్టరు రోజూ ఎందుకు అడుగుతున్నారో మాకు అప్పుడు అర్థమైంది. ఐదో రోజు ఇంటికొచ్చాడు. వచ్చాక కూడా డాక్టరు ఒప్పుకునే దాకా, అంటే రక్తంలో కోలినెస్టరేజ్ మామూలయ్యే దాకా, ఆ మందుల జోలికి వెళ్ళకూడదు.

ఖాళీ సీసాల మాట. మూడుసార్లు నీళ్ళు పోసి ఊపి, ఆ నీళ్ళు ట్యాంకులోనే వంచండి, నాలుగోసారి మేకుతో అడుగున చిల్లు కొట్టండి, లేకపోతే ఎవరో ఒకరు కడిగి నూనెకో, నీళ్ళకో వాడుకుంటారు. ఒలికితే నీళ్ళతో కాలవలోకి తోయొద్దు, ఇసుకో బూడిదో పోసి పీల్చుకున్నాక ఎత్తి, ఆ తర్వాత సబ్బునీళ్ళతో కడగండి. సింకు కింద సగం వాడి మర్చిపోయిన సీసా ఉంటే మోరీలో ఒంపకండి, కొన్న కొట్టుకే తీసుకెళ్ళి అడగండి, వాళ్ళు తీసుకోకపోతే వ్యవసాయాధికారిని అడగండి. అప్పటిదాకా లేబుల్ చిరగకుండా టేపు వేసి తాళం పెట్టెలో ఉంచండి. మా చిన్నాన్న పెట్టె ఇప్పుడు పశువుల శాల గోడకి ఉంది, తాళంచెవి పిన్ని కొంగుకి.