సినిమా చూసొచ్చాక ‘బాగుంది’ అనకుండా చెప్పడం ఎలా

మాది తెనాలి. ఆడవాళ్ల బట్టలు కుట్టే చిన్న షాపు నాది. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, పని నేర్చుకుంటున్న ఒక అమ్మాయి. కొలతలు ఇచ్చేటప్పుడూ, హుక్కులు కుట్టేదాకా స్టూలు మీద కూచున్నప్పుడూ వచ్చినవాళ్లు మాట్లాడే మాటల్లో సగం చూసిన సినిమా గురించో నిన్నటి సీరియల్ గురించో ఉంటాయి. పాతికేళ్లుగా వింటున్నాను. ఎక్కువమంది “బాగుందక్కా” అంటారు. ఎట్టా బాగుందమ్మా అంటే “బాగుంది, ఒకసారి చూడొచ్చు” అంటారు. అక్కడితో సరి. బాగుంది అనేది రెడీమేడ్ జాకెట్టు లాంటి మాట. అందరికీ పడుతుంది, ఎవరికీ ఒంటి మీద సరిగ్గా కూచోదు.

ఎప్పుడో ఒకరు మాత్రం చెబుతుంటే నా కాలు పెడల్ మీదే ఆగిపోతుంది. వాళ్లేం చేస్తున్నారో గమనించి గమనించి నాకంటూ ఒక పద్ధతి కుదిరింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఈ విద్యలో నాకు తెలిసిన మొదటి మనిషి మా అమ్మమ్మ. ఆమె చూసిన సినిమాలు తక్కువ, చెప్పిన సార్లు ఎక్కువ. నాట్ల కాలంలో నడుములు పట్టేసి ఆడవాళ్లంతా గట్టు మీద కూచుంటే మాయాబజార్ చెప్పమనేవాళ్లు. 1957 నాటి సినిమా, కథ అందరికీ తెలిసిందే. అయినా అడిగేవాళ్లు. ఆమె మొదటి నుంచి మొదలుపెట్టేది కాదు. నేరుగా ఘటోత్కచుడు పెళ్లివారి వంటలన్నీ లాగించే చోటికి వెళ్లిపోయేది. ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి వెళ్లడం చూపించాలి కదా. క్యారేజీలోంచి అన్నం ముద్ద తీసి, ఎగరేసి, నోటితో పట్టుకునేది. రెండింట్లో ఒకటి బురదలో పడేది. ఆ తర్వాత శశిరేఖ చీర రంగు, అంచు రంగు చెప్పేది. అది నలుపు తెలుపు సినిమా అని నాకు చాలా ఏళ్ల దాకా తెలియదు. 2010లో దాన్ని రంగుల్లోకి మార్చి విడుదల చేసినప్పుడు వెళ్లి చూశాను. నాకైతే ఇప్పటికీ అమ్మమ్మ చెప్పిన రంగులే కరెక్టు.

కాబట్టి మొదటి సంగతి, సినిమా మొత్తం మోసుకురాకండి. ఒక్క సీను తీసుకురండి. ఏ సీను? దానికి నేను చేసే పని ఇది. సినిమా చూసిన రాత్రే, పడుకోబోయే ముందు, మూడు ముక్కలు రాసుకుంటాను. ఎక్కడ ఊపిరి బిగబట్టాను? ఎక్కడ ఫోను తీసి టైము చూశాను? ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతుంటే ఏది గుర్తొచ్చింది? మూడోదానికి వచ్చే జవాబే చెప్పుకోదగ్గ సీను. చాలాసార్లు అది పెద్ద ఫైటూ కాదు, క్లైమాక్సూ కాదు. ఎవరో తలుపు దగ్గర చెప్పులు విడవబోయి ఆగిపోవడం అయి ఉంటుంది. తెల్లారాక రాస్తే కుదరదు. అప్పటికి పక్కింటివాళ్ల అభిప్రాయం, ఫోన్లో చూసిన రేటింగు వచ్చి మన బుర్రలో కూచుంటాయి.

ఫోను తీసిన చోటు కూడా రాసుకోమన్నాను కదా, దాని వెనక ఒక కథ ఉంది. ఒకసారి ఒక హాల్లో సినిమా చూశాను. ఏసీ లేదు, సౌండు బకెట్లో మాట్లాడినట్టుంది. మధ్యలో నాలుగుసార్లు టైము చూసుకున్నాను. మర్నాడు షాపుకొచ్చిన ప్రతి ఒక్కరికీ “డైలాగులు ఏమీ బాలేవు, సాగదీశాడు” అని చెప్పాను. మూణ్నెల్ల తర్వాత అదే సినిమా ఫోన్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూస్తే, మాటలు ఎంత బాగా రాశారో అప్పుడు తెలిసింది. నేను తిట్టాల్సింది హాలుని, తిట్టింది సినిమాని. అప్పటినుంచి ఎక్కడ చూశానో, ఎలాంటి మూడ్‌లో చూశానో కూడా పక్కన రాసుకుంటాను. చెప్పేటప్పుడు కూడా అది చెబుతాను: “నాకు ఆ రోజు తలనొప్పి, దాన్ని తీసేసి విను.”

ఇక కథ ఎంతవరకు చెప్పాలి అన్నది పెద్ద చిక్కు. దీన్ని ఒక సినిమా పెట్టి చూపిస్తాను. 2023లో వచ్చిన బలగం. వేణు యెల్దండి తీసిన మొదటి సినిమా, తెలంగాణ పల్లెటూళ్లో జరుగుతుంది. చూసిన మర్నాడే మా షాపుకొచ్చిన ఒక పిన్నిగారికి ఇలా చెప్పాను: “ఇంట్లో తాత చనిపోతాడు పిన్నీ, కాకి పిండం ముట్టదు, చుట్టాలంతా వస్తారు, పాత గొడవలన్నీ బయటికొస్తాయి...” ఆవిడ సంచి చేతికి తగిలించుకుంటూ, “అమ్మో, ఏడుపు సినిమానా, ఇంట్లో ఉన్నది చాల్లే” అని లేచింది. నేను చెప్పిందాంట్లో తప్పు ఒక్కటి కూడా లేదు. కానీ సినిమా చచ్చిపోయింది.

సాయంత్రం ఇంకొకావిడ వచ్చింది. ఈసారి ఇలా మొదలుపెట్టాను: “మటన్ కూరలో నల్లి బొక్క తనకి వెయ్యలేదని అలిగిన అల్లుడు, ఏళ్ల తరబడి అత్తారింటి గడప తొక్కలేదంట.” నల్లి బొక్క అంటే మా వైపు మూలుగ ఎముక. ఆవిడ స్టూలు ముందుకు లాక్కుని కూచుంది. “మా ఆడబిడ్డ మొగుడూ అంతేనమ్మా, చేపల పులుసులో తలకాయ ముక్క ఎవరికో వేశారని...” అంటూ అరగంట చెప్పింది. కత్తిరించాల్సిన లైనింగ్ గుడ్డ అట్టాగే ఉండిపోయింది. ఆ వారంలోనే ఇంటిల్లిపాదీ ఆ సినిమా చూశారు.

రెండుసార్లూ చెప్పింది ఒకే కథ. మొదటిసారి నేను కథ సారాంశం చెప్పాను. రెండోసారి కథలో ముడి ఎక్కడ పడిందో అది మాత్రం చెప్పి ఆగాను. ముడి చూపించాలి, విప్పకూడదు. ఆ ముడి కూడా వినేవాళ్ల వంటింట్లో ఉండేదయితే ఇంకా మంచిది. మనిషి చావు గురించి తీసిన సినిమాని ఎముక ముక్కతో మొదలుపెట్టడం కొంచెం ఎబ్బెట్టుగా అనిపించొచ్చు. కానీ ఆ సినిమాలో నవ్వూ ఏడుపూ రెండూ ఆ ఎముక చుట్టూనే తిరుగుతాయి. చివర్లో బుడగజంగాల కళాకారులు పాడే పాట ఒకటుంది. దాని గురించి నేను ఒక్క మాటే చెబుతాను: “ఆ పాట అయ్యేదాకా లేచి వెళ్లమాక.” అక్కడ ఇంకేం చెప్పినా వాళ్ల దగ్గర్నుంచి దొంగిలించినట్టే. ఆ ఏడాది తెలంగాణ ఊళ్లలో తెరలు కట్టి, ఊరు ఊరంతా కలిసి ఆ సినిమా చూశారు.

అదే సినిమాని ఇంకొకరికి నేను వేరేగా చెప్పాను. తండ్రి పోయి రెండు నెలలు కాని అమ్మాయి. ఆమెకి నల్లి బొక్క కథ చెప్పి నవ్వించి పంపితే మోసం చేసినట్టు. “చావింట్లో జరిగే కథమ్మా. దినాలన్నీ చూపిస్తారు. ఇప్పుడు వద్దనిపిస్తే వద్దు, ఎక్కడికీ పోదు” అన్నాను. సంవత్సరీకం అయ్యాక చూశానని వచ్చి చెప్పింది. ఎవరికి చెబుతున్నామో చూసి చెప్పడమంటే ఇదే. బట్ట ఒకటే అయినా కొలత మనిషిని బట్టి కదా. అలాగే పిల్లల్ని తీసుకెళ్లొచ్చా అని అడిగితే “ఏం పర్లేదు” అనేయకండి. 2024 నుంచి సెన్సారువాళ్లు యూఏ సర్టిఫికెట్‌ని 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని విడగొట్టారు, అది ఒకసారి చూసి చెప్పండి. దాంతోపాటు మీ కళ్లతో చూసింది కూడా చెప్పండి: రక్తం ఎక్కువా, తాగుడు సీన్లు ఎక్కువా, అత్తగారి పక్కన కూచుంటే తల దించుకోవాల్సిన చోటు ఉందా. అసలు జనం అడిగేది ఆ మూడోదే, నోటితో అనరు.

ముడి విప్పి తల బొప్పి కట్టించుకున్న అనుభవం కూడా నాకుంది. 2018లో కేరాఫ్ కంచరపాలెం చూశాను. విశాఖపట్నంలో ఆ పేటలోనే తీసిన సినిమా, నటించినవాళ్లలో చాలామంది అక్కడివాళ్లే. నాలుగు ప్రేమకథలు పక్కపక్కనే నడుస్తుంటాయి. చివర్లో ఒక సంగతి తెలుస్తుంది. హాల్లో నాకు ఒళ్లు జలదరించింది. ఆ ఊపులో, మర్నాడు పొద్దున్నే ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చిన టీచరమ్మకి ఆ చివరి సంగతే ముందు చెప్పేశాను. ఆమె ఆ సాయంత్రం షోకి టిక్కెట్లు తీసుకుని ఉంది. చీర తీసుకోవడానికి తను రాలేదు, పనిమనిషిని పంపింది. దసరా దాకా మాటల్లేవు. అందుకే, ఆ సంగతి ఏమిటో ఇక్కడ కూడా రాయడం లేదు. ఇప్పుడు నోరు తెరిచే ముందు ఒక ప్రశ్న అడుగుతాను: “చూస్తావా, చూడవా?” చూడను అన్నవాళ్లకి మొత్తం చెప్పొచ్చు, అమ్మమ్మలాగా అన్నం ముద్దలు ఎగరేసి మరీ చెప్పొచ్చు. చూస్తాను అంటే ఇంటర్వెల్ కార్డు పడకముందే ఆపేస్తాను. “చివర్లో ట్విస్టు ఉంది, నేను చెప్పనులే” అని ఊరించడం కూడా చెప్పేయడం కిందే లెక్క. ఇక వాళ్లు సినిమా చూడరు, ట్విస్టు కోసం కాపలా కాస్తారు.

సీరియళ్లకి ఇదేమీ వర్తించదు. అక్కడ దాచడానికేముంది? నిన్న ఎపిసోడ్ చూడలేదు ఏమైంది అని అడిగినవాళ్లకి కావలసింది మూడు వాక్యాలు: ఎవరి రహస్యం ఎవరికి తెలిసింది, ఎవరు ఆసుపత్రిలో ఉన్నారు, ఎవరి పెళ్లి ఆగింది. ఏదీ జరగకపోతే “ఏం జరగలా, అందరి మొహాలూ మూడేసిసార్లు చూపించారు” అంటే చాలు.

వెబ్ సిరీస్ అయితే ముందు ఎంతసేపో చెప్పండి. పనిచేసుకునేవాళ్లకి అదే మొదటి డౌటు. నేను 90స్ గురించి చెప్పేటప్పుడు “ఆరు ఎపిసోడ్లు, ఈటీవీ విన్‌లో ఉంది, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని కూచుంటే అయిపోతుంది” అని మొదలుపెట్టి, “తండ్రి లెక్కల మాస్టారు, ఇంట్లో రోజూ ఉప్మా” అని ముగిస్తాను. నా వయసువాళ్లకి ఆ ఉప్మా చాలు, మిగతాది వాళ్లే నాకు చెబుతారు.

నచ్చనిది చెప్పడం కష్టం. ముఖ్యంగా ఎదుటి మనిషి ఫోన్ వెనక ఆ హీరో బొమ్మ అతికించి ఉంటే. నేను రెండు మాటలు వేరు చేసుకున్నాను. “నాకు ఎక్కలేదు” అనేది నా సంగతి, దాని మీద ఎవరూ గొడవకి రారు. “బాగాలేదు” అంటే సినిమా మీద వేసిన నింద, దానికి సాక్ష్యం చూపించాలి. అంటే చెల్లెలి పాత్ర ఫలానా చోట కనపడకుండా పోయింది, మళ్లీ రాలేదు అన్నంత వివరంగా. అది చూపించలేకపోతే మొదటి మాటతోనే సరిపెట్టుకుంటాను. కలెక్షన్ల లెక్కలు మాత్రం నేను ఎత్తను, ఎత్తినా వినను. నిర్మాతకి ఎన్ని కోట్లు వచ్చాయో తెలిస్తే నా కళ్లు చెమర్చాయో లేదో మారిపోదు కదా.

మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది. మాకు తెల్లారేసరికి వాళ్లకి ముందురోజు సాయంత్రం. ఫోను కలవదు కాబట్టి వాయిస్ మెసేజ్‌లే. మొదట్లో పది నిమిషాలవి పంపేదాన్ని, అది వినేది కాదు. ఇప్పుడు రెండు నిమిషాలు దాటనివ్వను. ఒక సీను, ఒక ముడి, ఎక్కడ దొరుకుతుంది, అల్లుడుగారితో కలిసి చూడొచ్చా. ఆఖర్న తప్పకుండా ఒక ప్రశ్న వేస్తాను. “ఎట్టా ఉందో చెప్పు” అంటే మళ్లీ బాగుంది అనే వస్తుంది. “ఆ తల్లి చివరికి ఆ డబ్బు తీసుకోకుండా ఉంటే ఏమయ్యేదంటావ్?” లాంటి ప్రశ్న అయితే మిక్సీ వేస్తూ కూడా నాలుగు నిమిషాల జవాబు పంపుతుంది.

ఒక జాగ్రత్త మిగిలింది. రాసుకునే పుస్తకం విడిగా పెట్టుకోండి. నేను నా కొలతల పుస్తకంలోనే వెనక పేజీల్లో రాసేదాన్ని. ఒకరోజు అవి అయిపోతే, ఒకావిడ కొలతల కింద కాస్త చోటు కనిపించి, ముందురోజు చూసిన సినిమా గురించి గబగబా రాశాను: “ముందంతా లూజు. వెనక టైటు. పొడుగు తగ్గించాలి.” మధ్యాహ్నం నేను లేనప్పుడు, పని నేర్చుకుంటున్న అమ్మాయి పుస్తకం తీసి ఉన్నది ఉన్నట్టు కుట్టేసింది. చూసి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చెప్పేలోపే ఆవిడ వచ్చి, లోపలికెళ్లి వేసుకుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, “బాగుందమ్మా” అని డబ్బులిచ్చి వెళ్లిపోయింది. ఆ మాటకి ఆవిడ ఉద్దేశం ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు.