పూల్ అడుగున ఏం పరచాలి? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మన వాళ్ళు పిల్లల కోసం బ్యాక్‌యార్డులో నేల మీద నిలబెట్టే పూల్ పెట్టించుకోవడం ఇప్పుడు మామూలైంది. ఏ మోడల్ కొనాలి, పంపు ఎంతది ఉండాలి, ఫిల్టర్ ఏది మంచిది అని నలుగురినీ అడుగుతారు. అడుగున ఏం పరచాలన్న దగ్గర మాత్రం పెట్టెలో వచ్చిన పలుచటి షీటుతో సరిపెట్టేస్తారు. తర్వాత వచ్చే తలనొప్పుల్లో చాలావరకు అక్కడే మొదలవుతాయి.

15 అడుగుల గుండ్రటి పూల్‌లో మూడున్నర అడుగుల ఎత్తున నీళ్ళు నింపితే దాదాపు 17,500 లీటర్లు పడతాయి. అంటే పదిహేడున్నర టన్నుల బరువు. నింపిన తర్వాత అడుగున పరిచిన ప్యాడ్ మార్చాలంటే నీళ్ళన్నీ వదిలేసి, పూల్ విప్పి, మళ్ళీ మొదటి నుంచి కట్టాలి. అందుకే ఇంకా నింపని వాళ్ళు ఇది ముందే చదవడం మేలు. ప్యాడ్ చేసే పని ఒక్కటే: నేలలోని మొనలు, గరుకుదనం లైనర్‌కు, అంటే నీళ్ళను పట్టి ఉంచే వినైల్ ప్లాస్టిక్ పొరకు, తగలకుండా ఆపుతుంది. నేల వంకరగా ఉన్నా, మెత్తగా ఉన్నా దాన్ని ప్యాడ్ సరిచేయలేదు.

అడుగున సూది బెజ్జాలు, వాటిలోంచి ఆకుపచ్చ మొలక

టెక్సస్, జార్జియా లాంటి దక్షిణాది రాష్ట్రాల్లో ఉండేవాళ్ళు అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఇదే. లైనర్‌కు చిన్న బెజ్జం పడుతుంది, ప్యాచ్ వేస్తారు. వారం తిరక్కుండా పక్కనే ఇంకోటి. దగ్గరగా చూస్తే బెజ్జంలో పచ్చటి మొన కనిపిస్తుంది. అది మన పొలాల్లో రైతులను ఏడిపించే తుంగే. ఇక్కడ నట్‌సెడ్జ్ అంటారు. కాడను వేళ్ళ మధ్య తిప్పి చూడండి, మూడు పలకలు తగిలితే తుంగ అనే లెక్క. దాని మొలక కొస ఎంత పదునంటే, కూరగాయల మళ్ళలో పరిచే ప్లాస్టిక్ షీటును కూడా చీల్చుకుని పైకి వస్తుంది. ఇక లైనర్ వినైల్ ఎంత?

ఫోమ్ బోర్డు, పాత కార్పెట్, టార్పాలిన్, నల్ల పాలిథీన్ షీటు, వీటిలో ఏదీ తుంగను నమ్మకంగా ఆపదు. ఇసుకలోంచైతే హాయిగా పెరుగుతుంది. దట్టంగా, మందంగా ఉండే జియోటెక్స్‌టైల్ ప్యాడ్ ఒక్కటే దాన్ని చాలావరకు అడ్డుకుంటుంది. అది పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ పోగులను కంబళిలా దట్టించి చేసిన బట్ట. కుళ్ళదు, నీటిని కిందికి వదిలేస్తుంది. పూల్ సైజును బట్టి కత్తిరించి అమ్ముతారు.

ప్యాడ్ ఉంది కదా అని తుంగను బతకనివ్వకూడదు. చేత్తో పీకితే కాడ తెగి వస్తుంది, కింద తుంగముస్తెలు, అంటే దాని దుంపలు, అలాగే ఉండిపోయి మళ్ళీ మొలుస్తాయి. హాలోసల్ఫ్యూరాన్ ఉన్న కలుపు మందును ఆకులు పచ్చగా ఎదుగుతున్నప్పుడు, లేబుల్ మీద చెప్పిన మోతాదులోనే కొట్టాలి. ఫలితం కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి పూల్ కట్టే రోజుకు చాలా ముందే ఈ పని మొదలుపెట్టండి. ఆ తర్వాత పై మట్టిని తవ్వి, దొరికినన్ని ముస్తెలు ఏరేయండి. డీజిల్, కిరోసిన్ లాంటివి నేల మీద పోయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పెట్రోలియం నూనెలు వినైల్‌ను పాడుచేస్తాయి, నేలకూ చేటే.

ఇప్పటికే బెజ్జాలు పడుతున్న పూల్ అయితే ఈ సీజన్‌కు నీళ్ళలోనే అంటుకునే వినైల్ ప్యాచ్‌లతో నెట్టుకురండి. సీజన్ అయిపోయాక విప్పి, నేలను శుభ్రం చేసి, జియోటెక్స్‌టైల్ వేసి మళ్ళీ కట్టడం తప్ప దారి లేదు.

అడుగులో నడిస్తే పాదాలకు ఏదో గుచ్చుకుంటోంది

కింద గులకరాళ్ళు, చెట్ల వేళ్ళ ముక్కలు ఉన్నాయి. నేలను పారతో చెక్కి వదిలేశారు గానీ రేక్‌తో లాగి ఏరలేదు. నీటి బరువుకు పైనున్న మట్టి అణిగి రాయి తేలుతుంది. పిల్లలు దాని మీద గెంతిన ప్రతిసారీ లైనర్ అక్కడే అరుగుతుంది.

రాళ్ళు ఏరి, దిమ్మిసతో కొట్టి, పైన రెండు అంగుళాల మందాన జల్లెడ పట్టిన సన్న ఇసుక పరచండి. ఇక్కడ మేసన్ శాండ్ అని అడిగితే ఇస్తారు. 15 అడుగుల పూల్‌కు ఒక క్యూబిక్ గజం కంటే కాస్త ఎక్కువ, సుమారు టన్నున్నర పడుతుంది. పదునైన కంకర పొడి ఉన్న ఇసుక వద్దు. ఇసుక మీద జియోటెక్స్‌టైల్ వేస్తే ఆ పని పూర్తయినట్టే.

మడమల గుర్తులు, గుంటలు

ఇసుక ఒక్కటే వేస్తే వచ్చే బాధ ఇది. నడిచినకొద్దీ ఇసుక పక్కకు జరుగుతుంది, వాన నీళ్ళు కిందికి చేరితే కొట్టుకుపోతుంది, చీమలు కూడా తోడేస్తాయి. పైన జియోటెక్స్‌టైల్ వేస్తే గుంటలు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు.

అడుగు గట్టిగా, నున్నగా కావాలంటే గులాబీ లేదా నీలం రంగులో దొరికే ఎక్స్‌ట్రూడెడ్ ఇన్సులేషన్ బోర్డు (గట్టి ఫోమ్ పలక) వేసుకోవచ్చు. ఒక అంగుళం మందం చాలు. నీటి బరువుకు అది నలిగిపోతుందేమోనని చాలామందికి అనుమానం. మూడున్నర అడుగుల నీరు అడుగు మీద చదరపు అంగుళానికి ఒకటిన్నర పౌండ్లే నొక్కుతుంది. ఈ బోర్డులు 15 నుంచి 25 పౌండ్ల దాకా తట్టుకుంటాయి. నిచ్చెన కాళ్ళకు మాత్రం సొట్ట పడుతుంది కాబట్టి వాటి కింద మెత్తటి ప్యాడ్ పెట్టండి. బోర్డులు 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉంటాయి. 15 అడుగుల పూల్‌కు కోతలతో కలిపి ఏడెనిమిది పడతాయి. అతుకుల మీద టేపు వేయకపోతే ఆ గీతలు లైనర్‌లో కనిపిస్తాయి. నేల చదునుగా లేకపోతే బోర్డు ఊగి విరుగుతుంది. నన్నడిగితే కింద బోర్డు, పైన జియోటెక్స్‌టైల్ అన్నిటికంటే మంచి జత. ఖర్చు ఒక్కదానికే సరిపోతే జియోటెక్స్‌టైల్ కొనండి.

నీళ్ళు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ

ఇది నేల లోపం. పల్లంగా ఉన్న వైపు రెండు ప్యాడ్‌లు వేసి సరిచేద్దామని చూడకండి. నీరు ఒక గోడ మీద ఎక్కువ నొక్కి ఫ్రేమ్‌ను వంచేస్తుంది, పూల్ తెగి పడితే పక్కనున్న పిల్లలకు ప్రమాదం. తేడా అంగుళం దాటితే నీళ్ళు వదిలేయండి. పొడవాటి కర్ర మీద రసమట్టం పెట్టి చూసి, ఎత్తుగా ఉన్న వైపు తవ్వండి. పల్లంలో కొత్త మట్టి పోస్తే అది మళ్ళీ అణుగుతుంది.

ఫ్రేమ్ కాళ్ళు దిగబడుతుంటే ఒక్కో కాలి కింద 16 అంగుళాల కాంక్రీట్ పలకను నేలకు సమంగా పాతండి.

లైనర్ మీద మచ్చలు, కింద నుంచి వాసన

పూల్ కింద గడ్డిని అలాగే వదిలేస్తే అది కుళ్ళుతుంది, కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల రంగు లైనర్‌లోకి ఎక్కుతుంది. గడ్డిని వేళ్ళతో సహా చెక్కేయడమే మందు. పాత కార్పెట్ వేసినవాళ్ళకూ ఇదే గతి, తడి ఆరక బూజు పడుతుంది. రబ్బరు అడుగున్న కార్పెట్, రబ్బరు మ్యాట్ ఇంకా చెడ్డవి. రబ్బరు, వినైల్ అతుక్కుని ఉంటే మరక పడుతుంది, అది కడిగితే పోదు.

మన ఊళ్ళో మేడ మీద పెట్టాలంటే

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటి మేడ మీద పెట్టాలనుకుంటూ కింద ఏ ప్యాడ్ వేయాలని అడిగేవాళ్ళున్నారు. గరుకు స్లాబుకు జియోటెక్స్‌టైల్ సరిపోతుంది, కానీ అసలు అడగాల్సింది బరువు సంగతి. మనుషులు ఎక్కే మేడకు మన ఐఎస్ 875 ప్రమాణం లెక్కలోకి తీసుకోమనే భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. 15 సెంటీమీటర్ల నీటితోనే ఆ లెక్క నిండిపోతుంది. పిల్లల పూల్‌లో 60 సెంటీమీటర్లు నింపితే 600 కిలోలు. ఏ ప్యాడ్ వేసినా ఆ బరువు తగ్గదు. స్ట్రక్చరల్ ఇంజనీరు స్లాబు చూసి సరే అనేదాకా మేడ మీద పూల్ నింపకండి.