రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి కారుకు వింటేజ్ రిజిస్ట్రేషన్: నల్గొండ, పాలమూరు వాళ్లు దరఖాస్తు చేసుకునే విధానం

దేవరకొండ వైపు పాత గడీ కొట్టంలోనో, మిర్యాలగూడ రైస్ మిల్లు షెడ్డులోనో, వనపర్తి, గద్వాల, కొల్లాపూర్‌లలో సంస్థానాల కాలం నాటి ఇళ్ల వెనకో టార్పాలిన్ కింద ఒక మోరిస్ ఎయిట్, ఒక ఫోర్డ్ మోడల్ ఏ దొరికిందంటే ఇంట్లో అందరికీ మొదట గుర్తొచ్చేది మెకానిక్. దయచేసి ఆగండి. ముందు కాగితాలు చూసుకోండి, పానా తర్వాత పట్టుకోండి. ఈ వరస తప్పితే బండి రోడ్డెక్కినా వింటేజ్ నంబర్ రాకపోవచ్చు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జులై 15న మోటారు వాహన నిబంధనలను సవరించి, వింటేజ్ బండ్లకు విడిగా ఒక రిజిస్ట్రేషన్ పద్ధతి పెట్టింది. మొదటిసారి రిజిస్టర్ అయి 50 ఏళ్లు దాటిన టూ వీలర్, ఫోర్ వీలర్ దీని కిందికి వస్తాయి. విదేశాల నుంచి తెచ్చినవీ వస్తాయి. యుద్ధానికి ముందువంటే 1939 లోపువి కాబట్టి వయసుతో పేచీ లేదు. పేచీ అంతా రెండో షరతుతోనే. బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్ (బండి కింది ఇనప చట్రం), బాడీ షెల్ (పైన ఉండే రేకు గుల్ల), ఇంజిన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు.

మన దగ్గర చాలా బండ్లు ఇక్కడే ఆగిపోతాయి. స్పేర్ పార్టులు దొరకని రోజుల్లో బండి నడిస్తే చాలని జీపు ఇంజినో, అంబాసిడర్ ఇంజినో దించి ఎక్కించేవాళ్లు. అప్పటి వాళ్లను తప్పుపట్టలేం, వాళ్లకు అది రోజూ తిరిగే బండి. మీ బండిలో అలా జరిగి ఉంటే, పాత ఇంజిన్ ఇంకా ఏ మూలనో ఉందేమో ముందు వెతకండి. దొరికితే దాన్ని తిరిగి పెట్టించాకే దరఖాస్తు పెట్టండి. టైర్లు, వైరింగ్, సీట్ల తోలు మార్చడం అరుగుదలకు చేసే మరమ్మతు. ఛాసిస్ కోసి అతకడం, ఓపెన్ కారుకు టాపు కట్టించడం మరమ్మతు కాదు, రూపం మార్చడం.

నంబర్ల విషయంలో నాకు తగిలిన దెబ్బ చెబుతాను. మా పెదనాన్న 1936 మోరిస్ ఎయిట్‌ను టింకరింగ్‌కు ఇచ్చినప్పుడు నేను దగ్గర లేను. బానెట్ లోపలి గోడ మీద తుప్పు ఉందని గ్రైండర్ పెట్టారు, లప్పం పూశారు, రంగు వేశారు. ఆ గోడకు ఉన్న ఛాసిస్ నంబర్ రేకును ఊడదీసి ఎక్కడో పడేశారు. నెల రోజులు నిద్ర పట్టలేదు. చివరికి ఛాసిస్ పట్టీ మీద మట్టి, గ్రీజు కిరోసిన్‌తో కడిగి, సుద్దపొడి రుద్దితే చెక్కిన అంకెలు కనిపించాయి. ఇంట్లో ఇనప్పెట్టెలో ఉన్న పాత ఇన్సూరెన్స్ కాగితంతో అవి సరిపోయాయి. ఆ ఒక్క కాగితం లేకపోతే ఏం చూపించేవాణ్నో తెలియదు.

అందుకే బండిని కదిలించక ముందే నంబర్ల ఫోటోలు తీయండి, నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసి పెట్టుకోండి. ఫోర్డ్ మోడల్ ఏ (1928 నుంచి 1931 వరకు వచ్చిన మోడల్) అయితే ఇంజిన్ బ్లాక్ మీద ఉన్న నంబరే ఛాసిస్ పట్టీ మీదా ఉంటుంది. కానీ పట్టీ మీది నంబర్‌ను బాడీ కప్పేస్తుంది, బాడీ లేపితే తప్ప కనిపించదు. పట్టీ మీద నంబర్ లేదని కంగారు పడి కొత్తగా గుద్దించకండి. అది నేరం కిందికి వస్తుంది.

ఇక కాగితాలు. మన దేశంలో ముందే రిజిస్టర్ అయిన బండికి పాత ఆర్‌సీ, దిగుమతి బండికి కస్టమ్స్ ఇచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీ, రెండింటికీ ఇన్సూరెన్స్ పాలసీ, ఫారం 20 (రిజిస్ట్రేషన్ దరఖాస్తు), ఫీజు. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, తర్వాత రీ రిజిస్ట్రేషన్‌కు 5,000. ఆర్‌సీ పోయి ఉంటే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఫారం 26తో డూప్లికేట్‌కు పెట్టుకోవాలి. చాలా ఇళ్లలో ఆర్‌సీ తాతగారి పేరు మీదే ఉండిపోతుంది. దానికి ఫారం 31 ఉంది. ఓనర్ చనిపోయిన 30 రోజుల్లో ఆఫీసుకు తెలియజేసి, మూడు నెలల్లో ఈ ఫారం పెట్టాలన్నది నిబంధన. ఏళ్లు గడిచిపోయిందని మానేయకండి. మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు పెట్టుకుని, మిగతా వారసుల దగ్గర అభ్యంతరం లేదని రాయించుకుని ఆఫీసుకు వెళ్లండి. అన్నదమ్ముల మధ్య మాట తేలకుండా రిపేరుకు లక్షలు పెట్టడం మాత్రం వద్దు.

ఇన్సూరెన్స్‌లో ఒక తేడా గమనించండి. రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు చాలు. మోటారు ఇన్సూరెన్స్ టారిఫ్‌లో (ప్రీమియం నిబంధనల పుస్తకంలో) మాత్రం 1940 డిసెంబర్ 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉన్న కారునే వింటేజ్ అన్నారు. అలాంటి కారుకు ఏటా తరుగుదల తీసేసి విలువ కట్టరు. మీరూ కంపెనీ ముందుగా ఒప్పుకున్న విలువకే పాలసీ రాస్తారు. ఆ విలువ తేలాలంటే ఇంజిన్, ఛాసిస్ నంబర్లు కాగితాలతో కలవాలి, అసలు భాగాలు ఎన్ని మిగిలాయో చూడాలి, బండి ఎవరి చేతుల్లో తిరిగిందో తెలియాలి. నా లెక్కలో, ఆర్‌సీ ఉండి తుప్పు పట్టిన బండి, ఆర్‌సీ లేకుండా అద్దంలా మెరిసే బండి కన్నా ఎక్కువ విలువైనది.

దరఖాస్తులు కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైట్ అయిన పరివాహన్ పోర్టల్ ద్వారా తీసుకోవాలని నిబంధనల్లో ఉంది. తెలంగాణ రవాణా శాఖకు సొంత సైటు కూడా ఉంది కాబట్టి, ఫీజు కట్టే ముందు నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, మీది ఏ జిల్లా అయితే ఆ రవాణా ఆఫీసులో అడగండి. ‘వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు నోడల్ ఆఫీసర్ ఎవరు సార్’ అని అడిగితే చాలు. ఈ పని చూడడానికి రాష్ట్రం ఒక నోడల్ ఆఫీసర్‌ను నియమించాలి, బండిని చూసి తేల్చడానికి కమిటీ వేయాలి. ఇది రోజూ వచ్చే పని కాదు కాబట్టి కౌంటర్ దగ్గర తెలియకపోతే విసుక్కోకండి. ఆ 2021 సవరణ కాపీ ఒకటి ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి.

తనిఖీ రోజు బండిని కడిగి, నంబర్లు కనిపించేలా ఉంచండి, పాత ఫోటోలు తీసుకెళ్లండి. కమిటీ ఒప్పుకుంటే ఫారం 23ఏలో ఆర్‌సీ ఇవ్వాలి, దానికి 60 రోజుల గడువు. పాత రిజిస్ట్రేషన్ ఉన్న బండికి ఆ పాత నంబరే ఉంచుకోవచ్చు. దయచేసి ఉంచుకోండి, బండి చరిత్ర అంతా అందులోనే ఉంది. కొత్తగా ఇచ్చే నంబర్‌లో రాష్ట్ర కోడ్ తర్వాత వింటేజ్‌కు గుర్తుగా ‘వీఏ’ వస్తుంది. మనకు టీజీ వీఏ, ఆ తర్వాత రెండక్షరాల సిరీస్, నాలుగంకెలు. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి, ఆర్డర్ అందిన 30 రోజుల్లో అప్పీలుకు వెళ్లొచ్చు.

ఆర్‌సీ వచ్చాక రోజూ తిప్పడానికి, కిరాయికి పెట్టడానికి వీల్లేదు. పెళ్లి ఊరేగింపుకు అడుగుతారు, డబ్బు తీసుకుని ఇవ్వకండి. ఎగ్జిబిషన్, వింటేజ్ ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోల్, మెయింటెనెన్స్, వీటికి పోయి రావచ్చు. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు పైపులు, గాస్కెట్లు దానికి తట్టుకోవు. నడిపిన తర్వాత ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయండి. హైదరాబాద్‌లో ర్యాలీ ఉంటే హైవే మీద నడుపుకుంటూ పోకుండా కార్లు మోసే క్యారియర్ లారీ మీద ఎక్కించుకెళ్లండి. ఆ కాలపు బ్రేకులతో ఇప్పటి బస్సులు, లారీల మధ్య బండి సమయానికి ఆగదు.

ఈ రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది. గడువు తేదీని ఆర్‌సీ జిరాక్స్ మీద రాసి, పాత కాగితాలతో పాటు ఒకే ఫైలులో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో పిల్లలకు చూపించండి.