మైగ్రేన్: లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి చికిత్సకు

మైగ్రేన్‌తో బాధపడుతున్నవారిలో చాలామంది ఏళ్ల తరబడి సైనస్‌కో, పైత్యానికో, కళ్లజోడు నంబరుకో వైద్యం చేయించుకుంటూ ఉంటారు. రక్తపరీక్షలోగాని స్కానింగ్‌లోగాని మైగ్రేన్ బయటపడదు. రోగి చెప్పే వివరాలను బట్టే వైద్యులు దాన్ని నిర్ధారిస్తారు. కాబట్టి లక్షణాలను సరిగ్గా గమనించి చెప్పడం చాలా ముఖ్యం.

ముందుగా లేవని నిర్ధారించుకోవలసినవి

క్షణాల్లో భరించలేనంత తీవ్రతకు చేరిన తలనొప్పి, జ్వరంతోపాటు మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, కాలు చెయ్యి పడిపోవడం, ఫిట్స్, తలకు దెబ్బ తగిలిన తరువాత మొదలైన నొప్పి మైగ్రేన్ అనుకుని ఇంట్లో ఉండిపోదగినవి కావు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. యాభై ఏళ్లు దాటాక తొలిసారి వచ్చిన తలనొప్పినీ, గర్భిణులలోనూ బాలింతలలోనూ కొత్తగా వచ్చిన తలనొప్పినీ ఆలస్యం చేయకుండా వైద్యులకు చూపించాలి.

సమస్య: ఒక కణత దగ్గర పోటు, వికారం, వెలుతురు చూడలేకపోవడం

నాడి కొట్టుకున్నట్లు తలలో ఒక పక్క నొప్పి వచ్చి, మెట్లెక్కినా వంగినా ఎక్కువవుతూ, మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటల వరకు ఉండి, వికారమో వాంతులో, లేదా వెలుతురునూ చప్పుడునూ భరించలేని స్థితో తోడైతే, అటువంటి నొప్పి మళ్లీ మళ్లీ వస్తూంటే అది మైగ్రేన్ అయ్యే అవకాశం ఎక్కువ. నొప్పి రెండు పక్కలా వచ్చినంత మాత్రాన మైగ్రేన్ కాదని చెప్పలేము.

ముఖానికీ, మెదడును కప్పి ఉండే పొరలకూ స్పర్శజ్ఞానాన్నిచ్చే ట్రైజెమినల్ నాడి ఉద్రేకించినప్పుడు సీజీఆర్‌పీ వంటి పదార్థాలు విడుదలై నొప్పిని రగిలిస్తాయి. నుదురు, కన్ను, చెంప, ముక్కు పక్కల గదులు అన్నీ ఈ నాడి పరిధిలోనివే కావడం వల్ల కన్ను నీరు కారి, ముక్కు దిబ్బడ వేసి, సైనస్ అనిపిస్తుంది. సైనస్ ఇన్ఫెక్షన్ అయితే సాధారణంగా చిక్కటి పసుపుపచ్చని చీమిడి, కొన్నిసార్లు జ్వరం ఉంటాయి. పైత్యం విషయమూ అంతే. వాంతి అయ్యాక నొప్పి తగ్గడం చూసి తప్పంతా కడుపుదే అనుకుంటారు గాని, నిజానికి మైగ్రేన్ వల్లనే వాంతి వస్తుంది, జీర్ణాశయం కదలికా మందగిస్తుంది.

పరిష్కారానికి ఈ చివరి విషయమే కీలకం. నొప్పి ముదిరాక మింగిన మాత్ర కడుపులోనే నిలిచిపోయి సకాలంలో పనిచేయదు. అందువల్ల ‘ఇంకాసేపు చూద్దాం’ అని ఓర్చుకోకుండా, నొప్పి మొదలైన వెంటనే, వైద్యులు చెప్పిన పూర్తి మోతాదులో ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ లేదా పారాసెటమాల్ వేసుకుని చీకటి గదిలో విశ్రమించాలి. అల్సర్, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు మొదటి రెండూ తగవు. వికారం ఎక్కువైతే డాంపెరిడోన్ వంటి మందును కలిపి ఇస్తారు. వీటితో తగ్గకపోతే సుమట్రిప్టాన్, రిజట్రిప్టాన్ వంటి ‘ట్రిప్టాన్’ మందులున్నాయి. గుండెజబ్బు, పక్షవాతం, అదుపులో లేని బీపీ ఉన్నవారు వీటిని వాడకూడదు.

సమస్య: నొప్పికి ముందు కళ్లెదుట వంకరటింకర మెరుపులు

దీన్ని ఆరా అంటారు. మెదడు పైపొర మీద నెమ్మదిగా పాకే విద్యుత్ మార్పు దీనికి కారణం. సాధారణంగా 5 నుంచి 60 నిమిషాలలో సర్దుకుంటుంది. ఆ సమయంలో బండి నడపకూడదు. ఆరా వచ్చే స్త్రీలు ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది కనుక ఆ సంగతి వైద్యులకు తప్పక చెప్పాలి. తొలిసారి వచ్చినా, గంట దాటినా ఆసుపత్రికి వెళ్లాలి.

సమస్య: ఒకసారి ఎండకు వస్తుంది, ఇంకోసారి రాదు

ఎండ కారణం కాదు, ప్రేరకం మాత్రమే. అసలు కారణం, చాలావరకు వంశపారంపర్యంగా వచ్చే, మార్పులను తట్టుకోలేని మెదడు స్వభావం. నిద్ర చాలని రోజున భోజనం ఆలస్యమై, దానికి ఎండ తోడైతే నొప్పి వస్తుంది. ఎండ ఒక్కటే అయితే రాకపోవచ్చు. నెలసరి ముందు ఈస్ట్రోజెన్ పడిపోవడం, ఘాటైన వాసనలు, కాఫీ హఠాత్తుగా మానడం, ఉపవాసం, కొందరికి తలస్నానం కూడా ప్రేరకాలే. అయితే ఆవులింతలు, మెడ పట్టేయడం, తీపి తినాలనిపించడం నొప్పికి ఒక రోజు ముందే మొదలైన మైగ్రేన్ లక్షణాలు కావచ్చు. అది తెలియక తలగడనూ, తిన్న మిఠాయినీ తప్పుపడుతుంటారు.

నిద్ర, భోజనం, నెలసరి, వేసుకున్న మాత్రలు తేదీలవారీగా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే రెండు మూడు నెలల్లో ఎవరి ప్రేరకాలు ఏవో తేలతాయి. అవి తేలకముందే ఇష్టమైన పదార్థాలన్నీ మానేయడం అనవసరం. ఆదివారమైనా సరే నిద్ర, భోజన వేళలు మార్చకపోవడం మేలు. కార్తిక సోమవారాలకో, రంజాన్ ఉపవాసాలకో ముందు కాఫీని కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

సమస్య: మాత్రలు వేసుకుంటున్నకొద్దీ తలనొప్పి రోజులు పెరగడం

మన ఇళ్లలో అతి తక్కువగా తెలిసినదీ, ఎక్కువ నష్టం చేస్తున్నదీ ఇదేనని నా నమ్మకం. మామూలు నొప్పి మాత్రలను నెలకు 15 రోజులు లేదా అంతకు మించి, ట్రిప్టాన్లను గాని రెండు మూడు మందులు కలిసిన మాత్రలను గాని 10 రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మందులే తలనొప్పిని తెచ్చిపెడతాయి. లెక్క మాత్రలకు కాదు, మాత్ర వేసుకున్న రోజులకు. మందుల షాపులో అడగగానే దొరుకుతున్నాయి కనుక ఈ లెక్క రోగే ఉంచుకోవాలి. వాటిని వైద్యుల పర్యవేక్షణలో ఆపినప్పుడు కొద్ది రోజులు నొప్పి ఎక్కువవుతుంది. ఆ రోజుల్లో ఇంట్లోవారి సహకారం ఎంతో అవసరం.

నెలకు నాలుగైదు రోజులు పనికి ఆటంకమవుతుంటే నివారణ మందుల గురించి అడగాలి. ప్రొప్రనలాల్ (ఆస్తమా ఉన్నవారికి కాదు), అమిట్రిప్టిలిన్, ఫ్లునరిజిన్, టోపిరమేట్ (గర్భం దాల్చాలనుకునేవారికి కాదు) వీటిలో కొన్ని. ఇవి పనిచేయనప్పుడు సీజీఆర్‌పీని అడ్డుకునే ఇంజెక్షన్లూ ఉన్నాయి. నివారణ మాత్ర నొప్పి వచ్చినప్పుడు వేసుకునేది కాదు, రోజూ వాడవలసినది. సరైన మోతాదుకు చేరాక కనీసం రెండు నెలలు చూడకుండా అది పనిచేయలేదని నిర్ణయించకూడదు. తగ్గింది కదా అని సొంతంగా ఆపకుండా, వైద్యులు చెప్పినట్లు క్రమంగా తగ్గించుకుంటూ రావాలి.